తలుపు మూసుంది... తాళంచెవి వెతకండి!

గోడలన్నీ ఎర్రగా ఉన్న చిన్న గది. ఓ మంచం, కిటికీ, సొరుగులు. తలుపేమో తాళం వేసుంది. శత్రువుల్లేరు, తుపాకుల్లేవు. చేతిలో ఉన్న ఆయుధం మౌస్ ఒక్కటే! అనుమానం వచ్చిన చోటల్లా దాంతో నొక్కుతూ, దొరికినవన్నీ దాచుకుంటూ బయటపడాలి. జపాన్‌కు చెందిన తోషిమిత్సు తకాగి 2004లో తయారుచేసిన 'క్రిమ్సన్ రూమ్' ఆట ఇది. 'తప్పించుకునే ఆట'లకు ప్రపంచమంతటా అభిమానుల్ని తెచ్చిపెట్టింది ఈ ఎర్ర గదే.

అప్పట్లో సికింద్రాబాద్ శివార్లలోని అల్వాల్ లాంటి చోట్ల చాలామందికి ఇంటర్నెట్ అంటే నెట్ సెంటరే. గంట లెక్కన డబ్బు కట్టి, చెక్క క్యాబిన్‌లో కూర్చోవాలి. అలాంటి చోట ఈ ఆటలు భలే కుదిరేవి. కొనక్కర్లేదు, సీడీ అక్కర్లేదు, నెమ్మదైన కనెక్షన్‌లోనూ తెరుచుకునేవి. పైగా చాలావాటిలో మాటలే ఉండవు. కాబట్టి జపాన్ వాళ్లు గీసిన గది నుంచి అల్వాల్‌లోని వాళ్లూ బయటపడొచ్చు!

చిలకలో ప్రాణం

ఆలోచిస్తే మనకిది కొత్తేం కాదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో చిలకలో ఉంటుంది. ఆ చిలకను పట్టుకుంటేనే తల్లికి చెర వీడేది. ఇక్కడా అంతే. పెట్టె నంబరు గోడమీది బొమ్మలో ఉంటుంది. ఆ బొమ్మ కనిపించాలంటే దీపం వెలగాలి. దీపానికి కావాల్సిన బల్బేమో సొరుగులో!

మరి అన్నీ కళ్లెదుటే ఉన్నా ఎందుకు తోచదు? జర్మన్ మనస్తత్వవేత్త కార్ల్ డంకర్ దీనికి ఓ పరీక్ష పెట్టాడు. కొవ్వొత్తి, అగ్గిపెట్టె, డబ్బానిండా గుండుపిన్నులు ఇచ్చి, కొవ్వొత్తిని గోడకు నిలబెట్టమన్నాడు. డబ్బా ఖాళీ చేసి, దాన్నే గోడకు గుచ్చి, పైన కొవ్వొత్తి పెడితే సరి. కానీ డబ్బాను పిన్నులు పోసుకునేదానిగానే చూసినవాళ్లకు అది తట్టలేదు. వస్తువుకు ఒకటే పని అనుకోవడమే అసలు తాళం. ఈ ఆటలు తీయించేదీ దాన్నే.

ఆటలకే తాళం

ఈ గదుల్లో చాలావరకు 'ఫ్లాష్' అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టినవే. బొమ్మలు గీయడం, ఆటగా మలచడం రెండూ ఒక్కరే ఇంట్లో కూర్చుని చేసుకునే వీలు దాంతో ఉండేది. అయితే అడోబ్ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు స్వస్తి చెప్పింది. వేలాది గదులు ఒక్కసారిగా మూతపడ్డాయి. ఆ ప్రమాదాన్ని ముందే ఊహించిన ఔత్సాహికులు 2018లోనే 'ఫ్లాష్‌పాయింట్' పేరుతో పాత ఆటల్ని భద్రపరచడం మొదలుపెట్టారు. 'రఫుల్' అనే మరో సాఫ్ట్‌వేర్ ఫ్లాష్ లేకుండానే వాటిని బ్రౌజర్‌లో ఆడిస్తోంది. నెదర్లాండ్స్‌కు చెందిన రస్టీ లేక్ సంస్థ 2015లో మొదలుపెట్టిన 'క్యూబ్ ఎస్కేప్' ఆటలైతే ఫోన్‌లోనే ఆడుకోవచ్చు. తెర మీది గదులు నిజం గదులూ అయ్యాయి. జపాన్‌లోని క్యోటోలో 2007లో తకావో కాటో మొదలుపెట్టిన ఆ సరదా హైదరాబాద్‌కూ వచ్చింది.

ఇలా ఆడండి

* ముందు గదంతా ఓసారి చూడండి. మూలలు, మంచం కింద, తలుపు వెనక... ఏదీ వదలొద్దు.
* పక్కన కాగితం, పెన్ను ఉంచుకోండి. అంకెలు, రంగులు, వాటి వరస రాసుకోండి.
* దొరికిన వస్తువును తిప్పి చూడండి. రెండింటిని కలిపితే మూడోది కావచ్చు.
* ఎటూ తోచకపోతే లేచి టీ తాగి రండి. ఇందాక కనిపించనిది కనిపించొచ్చు.

ఎక్కడ ఇరుక్కున్నా జవాబులు నెట్‌లో సిద్ధంగా ఉంటాయి. చూస్తే తలుపు తెరుచుకుంటుంది కానీ, 'అరె, ఇదా సంగతి!' అనుకునే ఆనందం మాత్రం దక్కదు. కాబట్టి ఓ గంటైనా ఓపిక పట్టండి. పిల్లల్నీ, బామ్మనీ పక్కన కూర్చోబెట్టుకోండి. తాళంచెవి ముందుగా బామ్మకే కనిపిస్తే మాత్రం ఆశ్చర్యపోకండి!