సాక్షి సంతకం

రమజాను నెలకు కొద్ది రోజుల ముందు ఒక జుమానాడు కడప నుండి మా పూర్వ విద్యార్థి ఒకడు కర్నూలు వచ్చి మమ్మల్ని కలిశాడు. నలభై దాటినవాడు. ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనిలో లెక్కలు రాస్తుంటాడు. ఏడాదిపాటు కడుపులో మంట అని సోడాలు తాగాడు, మందుల షాపులో గ్యాస్ మాత్రలు కొని మింగాడు. రెండు ముద్దలకే కడుపు నిండినట్టు కావడం, మనిషి చిక్కిపోవడం, మలం నల్లగా రావడం మొదలయ్యాకగాని పెద్దాసుపత్రి గడప తొక్కలేదు. అక్కడ గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. జీర్ణాశయంలో క్యాన్సర్ అని తేలింది.

పొరుగు రాష్ట్రంలోని ఒక నగరానికి వెళ్తే అక్కడి డాక్టర్లు ఆపరేషన్ చేయవచ్చన్నారు. ముందు నాలుగు విడతలు, తర్వాత నాలుగు విడతలు కీమో ఇస్తామన్నారు. ఆ మందులకు తోడుగా మరో కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్ష ఒకటి నడుస్తోంది, ఇష్టముంటే చేరవచ్చన్నారు. ఇరవై పేజీలు దాటిన కాగితాలు చేతికిచ్చారు. ఒక ప్రతి ఇంగ్లీషులో, ఒక ప్రతి కన్నడంలో.

"ఎలకల మీద చేసేది నీ మీద చేస్తారంట నాయనా, వద్దని మా అమ్మ ఏడుస్తాండాది. చేరమంటారా హజ్రత్, వద్దంటారా?" అని అడిగాడు.

మేము వెంటనే జవాబివ్వలేకపోయాము. కారణం చెప్పుకోవాలి. పదిహేనేళ్ల కిందట మా వీధిలోని ఒక పెద్దావిడకు అండాశయ క్యాన్సర్ వచ్చింది. చదువు రాని మనిషి, తోడు లేని మనిషి. ఆమె వెంట ఆసుపత్రికి వెళ్లాము. ఒక కుర్రవాడు కాగితాలు తెచ్చి, ఆమె బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించుకున్నాడు. "మీరు ఇక్కడ పెట్టండి సార్" అని కింద ఒక గీత చూపించాడు. ఆ గీత పక్కన 'సాక్షి' అని ఉంది. మేము సంతకం పెట్టాము. చదవలేదు. బస్సు వేళ అవుతోందన్న తొందర ఒకటి. కొద్ది వారాల తర్వాత ఆమె, "మౌల్వీ సాబ్, వారం వారం నా రక్తం ఎందుకు తీస్తున్నారు?" అని అడిగింది. మా దగ్గర సమాధానం లేదు. ఆమె తన జబ్బుతోనే పోయింది, పరీక్ష వల్ల పోయిందని మేము అనడం లేదు. కాని గవాహీ ఎంత బరువైనదో పిల్లలకు ముప్పై ఏళ్లుగా పాఠం చెప్పినవాళ్లం, ఏ విషయానికి సాక్షులమో తెలియకుండానే సాక్ష్యమిచ్చాము.

ఆ తర్వాతనే ఈ సంగతులు తెలుసుకోవడం మొదలుపెట్టాము.

మందును పరీక్షించాలన్న ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. పదో శతాబ్దపు తొలినాళ్లలో కన్నుమూసిన హకీం రాజీ, సర్సామ్ రోగుల్లో కొందరికి నెత్తురు తీసి, మరికొందరికి కావాలనే తీయకుండా ఉంచి, ఫలితం పోల్చి చూశానని రాసుకున్నారు. 1037లో మరణించిన ఇబ్నె సీనా తన వైద్య గ్రంథం 'కానూన్' రెండో భాగంలో మందును పరీక్షించడానికి షరతులు పెట్టారు. సింహం మీదనో గుర్రం మీదనో పరీక్షిస్తే అది మనిషికి ఎలా పనిచేస్తుందో రుజువు కాదు, మనిషి మీదనే చూడాలన్నది వాటిలో ఒకటి. అంటే మా శిష్యుని తల్లి భయపడిన మాటకు జవాబు వెయ్యేళ్ల కిందటే ఉంది. ఎలుకల మీద చూడడం ఎప్పుడో అయిపోయింది. మనిషికి వచ్చేసరికి అడిగి చేయాలి, అదే తేడా.

అడగకుండా చేసిన రోజులు మన రాష్ట్రంలోనే చూశాము. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకాను పది నుండి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు వేశారు. దాదాపు 14 వేల మంది పిల్లలు. చాలామంది గిరిజనులు, హాస్టళ్లలో ఉండేవారు. తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలు అనేకచోట్ల వార్డెన్లు పెట్టేశారు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపించింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దానిని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నారు. అక్కడి మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తప్పు సూదిలో లేదు, సంతకంలో ఉంది.

అటు తర్వాత చట్టం గట్టిపడింది. 2019 మార్చిలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. రోగికి అర్థమయ్యే భాషలో వివరం ఇవ్వాలి. సంతకం చేసిన కాగితం ప్రతి రోగి చేతికి రావాలి. చదువు రానివారైతే, వివరిస్తున్నంతసేపూ ఆసుపత్రికి సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. (ఆ గీత అర్థం మాకు అప్పుడు తెలిసింది.) పరీక్ష వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. ఆ పరిహారం లెక్క 8 లక్షల రూపాయల మూలం మీద వయసును బట్టి, జబ్బు తీవ్రతను బట్టి కడతారు. ప్రమాదకరమైనది ఏది జరిగినా 24 గంటల్లో డాక్టరు పైకి తెలియజేయాలి. ప్రతి పరీక్షనూ ముందుగా ఒక నైతిక సంఘం ఆమోదించాలి. అందులో డాక్టర్లే కాదు, న్యాయశాస్త్రం తెలిసినవారు, సామాన్య పౌరుడు, ఒక మహిళ ఉండాలి. మనకు నచ్చనినాడు కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. తప్పుకున్నందుకు మామూలు వైద్యం ఆపకూడదు.

ఇంకొకటి. దేశంలో జరిగే ఇలాంటి పరీక్షలన్నిటినీ భారత వైద్య పరిశోధన మండలి నడిపే పట్టికలో నమోదు చేయడం 2009 జూన్ నుండి తప్పనిసరి అయింది. ప్రతిదానికీ ఒక నంబరు ఉంటుంది. దానిని కంప్యూటరులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నంబరు చెప్పలేని చోట సంతకం పెట్టనక్కరలేదని మా అభిప్రాయం.

ఇక దీనివల్ల లాభమేమిటి? కడుపు క్యాన్సర్‌కు ఒకప్పుడు ఆపరేషనే దిక్కు. ముందూ వెనుకా కీమో ఇస్తే మేలేమో చూద్దామని బ్రిటన్‌లో 1994లో ఒక పరీక్ష మొదలుపెట్టారు. చేరినవారు 503 మంది. చిట్టీలు తీసినట్టు సగం మందికి కీమోతో కలిపి ఆపరేషన్, సగం మందికి వట్టి ఆపరేషన్. 2006లో ఫలితం ప్రకటించారు. అయిదేళ్లు బతికినవారు కీమో పొందిన జట్టులో నూటికి 36 మంది, రెండో జట్టులో 23 మంది. తర్వాత జర్మనీలో 716 మంది మీద ఇంకా మెరుగైన మందుల కూర్పును పోల్చారు. 2019లో వెలువడిన ఆ ఫలితంలో సగటు ఆయుష్షు 35 నెలల నుండి 50 నెలలకు పెరిగింది. మా శిష్యునికి డాక్టర్లు రాసిచ్చిన ఎనిమిది విడతల కీమో ఆ జర్మనీ కూర్పే. ఎవరో ముక్కూ మొహం తెలియని 716 మంది ఆ కాగితం మీద సంతకం పెట్టబట్టి ఎర్రగుంట్ల మనిషికి అది అందింది.

అయితే కొత్తదల్లా మంచిదని అనుకోరాదు. బ్రిటన్‌లోనే వెయ్యిమందికి పైగా చేరిన మరో పరీక్షలో కీమోకు ఒక కొత్త మందును జోడించారు. 2017లో తేలిందేమిటంటే ఆయుష్షు పెరగలేదు, పైగా ఆపరేషన్ గాయాలు మానడంలో చిక్కులు ఎక్కువయ్యాయి. దాన్ని చిట్టీలో పొందినవారు నష్టపోయారు. ఈ మాట దాచి 'చేరండి' అనడం న్యాయం కాదు.

ఇవన్నీ చెప్పి, తెలుగు ప్రతి అడగమని మా శిష్యుణ్ణి వెనక్కి పంపాము. మొదట "లేదు" అన్నారట. ఇది నా హక్కు అని నిలబడితే పది రోజులకు ఇచ్చారు. అది పట్టుకుని మళ్లీ వచ్చాడు. రెండు సాయంత్రాలు కూర్చుని, మా బడి సైన్సు మాస్టారును పక్కన పెట్టుకుని, మొదటి పేజీ నుండి చివరి దాకా చదివాము. డాక్టరును అడగవలసినవి అతనే రాసుకున్నాడు. కొత్త మందు నా వంతుకు రాకపోతే మామూలు మందులు పూర్తిగా ఇస్తారా? కడప నుండి రానుపోను చార్జీలు, తోడు మనిషి బస ఎవరిది? అదనంగా తీసే రక్తమెంత, ముక్కలెన్ని? పరీక్ష ముగిశాక మందు పనిచేస్తుంటే ఇస్తారా, ఆపేస్తారా? నైతిక సంఘం ఫోను నంబరు ఏది? చివరిది మమ్మల్నే అడిగాడు, రోజాల సంగతి. రోగికి సడలింపు ఉందని, కోలుకున్నాక తీర్చుకోవచ్చని చెప్పాము. దానికి చదవవలసిన పేజీలేమీ లేవు.

డాక్టరు గంటసేపు ఓపికగా జవాబులు చెప్పారట. చార్జీల విషయంలో మాత్రం తోడు మనిషికి ఇవ్వమన్నారు. మూడు రోజులు ఆలోచించుకుని, తల్లికి చెప్పి, సంతకం పెట్టాడు. మందూ ఉప్పునీళ్లూ ఒకేలా కనిపించే సీసాల్లో వస్తాయి. కీమో ఇద్దరికీ ఉంటుంది, దాని పైన ఎక్కేది ఏదో రోగికీ తెలియదు, ఎక్కించే డాక్టరుకూ తెలియదు.

ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఆరో విడత నడుస్తోంది. జుట్టు రాలింది, చేతులు తిమ్మిరెక్కుతున్నాయని అంటాడు. పోయిన జుమాకు ఫోను చేసి, "నాకు వచ్చింది మందే అంటారా హజ్రత్?" అన్నాడు. తెలియదన్నాము. "నాకూ తెలియదు, మా అమ్మ మాత్రం మందేనంటాండాది" అని నవ్వాడు.