రెండు బల్లల నడుమ

వికారాబాదు జిల్లా కుల్కచర్ల మండలమున కందిచేను ఎకరము కొనిన రైతు 2020కి పూర్వము ఎన్ని గడపలు తొక్కవలసివచ్చెడిదో తలచికొనుడు. స్టాంపులు కొని, సాక్షులను వెంటబెట్టుకొని, సబ్ రిజిస్ట్రారు కచేరిలో వేలిముద్ర వేయుటతో క్రయము ముగిసెడిది గాని పట్టా మారెడిది కాదు. మ్యుటేషను కొఱకు తహసీల్దారు కార్యాలయమున మరల దరఖాస్తు పెట్టవలెను, వీఆర్వో మోకా చూడవలెను, గిర్దావరు విచారింపవలెను, నోటీసు గడువు తీరవలెను, అటుపిమ్మట గాని పహాణీలో పేరెక్కదు, పాసుపుస్తకము చేతికి రాదు. వీరిలో ప్రతివాడును తన పని తాను సక్రమముగా చేసినను జాప్యము తప్పెడిది కాదు. ఒక శాఖ దస్తావేజును, మఱియొక శాఖ రికార్డును చూచుచుండగా, ఆ రెండు బల్లల నడుమనున్న ఎడము ఎవరి బాధ్యతయు కాక, దానిని దాటించు శ్రమ రైతు కాళ్లపై పడెను.

ఇట్టి ఎడములను బయటపెట్టుటకే ప్రక్రియాపటమును గీయుదురు. 1921లో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము ఎదుట ప్రతిపాదించిన ఈ పద్ధతి కర్మాగారములలో పుట్టినను కచేరీలకును చక్కగా అమరును. శాఖకొక వరుస గీసి, కాగితము ఏ వరుసనుండి ఏ వరుసకు పోవుచున్నదో, ఎచట ఎన్నినాళ్లు ఊరక పడియున్నదో గుర్తింతురు. అన్ని శాఖలవారిని ఒక్కచోట కూర్చుండబెట్టి గీయుట ముఖ్యము. ఏలయన అధికారి నియమమును చెప్పును, గుమాస్తా జరుగునది చెప్పును. ఈ రెండవదియే అమూల్యమని నా దృఢాభిప్రాయము.

2020 అక్టోబరు 29న తెలంగాణ భూరికార్డుల పోర్టలైన ధరణి ప్రారంభమై, వ్యవసాయభూములకు తహసీల్దారే సంయుక్త సబ్ రిజిస్ట్రారు కాగా, స్లాటు బుక్ చేసికొనిన రైతుకు రిజిస్ట్రేషనును మ్యుటేషనును ఒక్క బల్లయొద్దనే జరుగజొచ్చెను. రెండు శాఖల త్రోవలను కలిపిన ఈ సంస్కరణ నిస్సందేహముగా గొప్పది. కాని ధరణి పటమున కాగితము ముందుకు పోవు దారియే కలదు, వెనుకకు వచ్చు దారి లేదు. విస్తీర్ణము తప్పుపడినను, సర్వే నంబరు నిషిద్ధ జాబితాలో చేరినను, తొలినాళ్లలో దిద్దు అధికారము తహసీల్దారునకు లేనందున దరఖాస్తు కలెక్టరు వఱకు పోవలసివచ్చెను. ఊరిలో గట్లెఱిగిన వీఆర్వో పదవియు ఆ యేటి సెప్టెంబరుననే రద్దయ్యెను. దశలను తగ్గించుట ఒకటి, తప్పునకు తావుంచుట వేఱొకటి. రెండవది మఱచిన పటము ఎంత పొట్టిదైనను అసంపూర్ణమే.

2025 ఏప్రిల్ 14న అమలునకు వచ్చిన భూభారతి చట్టము, దిద్దుబాటును తహసీల్దారు, ఆర్డీవోల చేతికిచ్చి, అప్పీలును పునరుద్ధరించి, గ్రామపాలనాధికారిని పల్లెకు తెచ్చి ఈ లోపమును పూరింపబూనినది. భూమి నక్షను దస్తావేజునకు జతపఱచు నియమమును చేర్చుటచే ఇప్పుడు సర్వేయరుకును పటమున ఒక వరుస కావలెను. ఆ వరుసను గీయు దినమున కుల్కచర్ల కార్యాలయమువారు సర్వేయరుతోపాటు, గొలుసు పట్టునప్పుడు గట్టుపై నిలిచి హద్దు చూపు పక్కచేను రైతును గూడ పిలిచి కూర్చుండబెట్టవలయును.