శని వలయాలు – కనిపించని కవచం

శని పేరెత్తితే మా ఊళ్లో ఇప్పటికీ పెద్దవాళ్లు చెంపలు వేసుకుంటారు. బోరు ఎండినా, ఎద్దు కుంటినా "ఏలినాటి శని రా నాయనా" అంటుంది మా అవ్వ. పుంగనూరు పక్క పల్లె నుంచి మదనపల్లెకు వచ్చి భౌతికశాస్త్రం చదువుకొంటున్న నాకు, ఆ గ్రహం గురించి అవ్వకు చెప్పవలసిన మంచిమాట ఒకటి దొరికింది. అదే మీకూ మనవి చేస్తున్నాను.

అయస్కాంత క్షేత్రం బలంగా ఉన్న గ్రహాల చుట్టూ ప్రోటానులు, ఎలక్ట్రానులు చిక్కుబడి ఉంటాయి. వీటినే రేడియేషన్ మేఖలలు అంటాం. భూమికి ఇలాంటివి ఉన్నాయని 1958లో ఎక్స్‌ప్లోరర్-1 పంపిన లెక్కల నుంచి వాన్ అలెన్ కనిపెట్టాడు. ఈ కణాలకు మూడు కదలికలు. బలరేఖ చుట్టూ మెలితిరుగుతాయి; ఉత్తరానికీ దక్షిణానికీ ఉయ్యాల ఊగినట్టు పోయి వస్తుంటాయి; మెల్లగా గ్రహం చుట్టూ కూడా తిరుగుతాయి. వీటి ధాటికి అంతరిక్ష నౌకల పరికరాలు పాడైపోవచ్చు.

1979 సెప్టెంబరు 1న పయొనీర్-11 నౌక శనిని సమీపించింది. దాని పరికరాలు కణాలను లెక్కపెడుతూ పోతున్నాయి. 'ఏ' వలయం వెలుపలి అంచు వచ్చింది. అంతే! లెక్క ఒక్కసారిగా పడిపోయింది. కారణం తేలికే. వలయాలు మంచుగడ్డలు, రాళ్లు, ధూళి. అవి శని మధ్యరేఖ మీద పరచుకొని ఉన్నాయి. ఉత్తర దక్షిణాల మధ్య ఊగే ప్రతి కణమూ మధ్యరేఖను దాటి తీరాలి. దాటేటప్పుడు ఎప్పుడో ఒకప్పుడు మంచుగడ్డను ఢీకొని అక్కడే ఆగిపోతుంది.

ఉపగ్రహాల పని ఇంకా చిత్రమైనది. తాతలనాటి గానుగను తలుచుకోండి. ఎద్దు రోజూ తిరిగే బాటలో గడ్డి మొలవదు. బాటకు ఇటూ అటూ మాత్రం పచ్చగా ఉంటుంది. జానస్, మైమస్, ఎన్‌సెలాడస్, టెథిస్ అనే ఉపగ్రహాలు అలాంటి ఎద్దులే. శని అయస్కాంత అక్షం, అది తిరిగే అక్షం దాదాపు ఒకటే. అందుచేత ఒక్కో ఉపగ్రహం ఎప్పుడూ ఒకే బాటను ఊడుస్తుంది. బాటల నడుమ ప్రోటాను మేఖలలు విడివిడిగా మిగులుతాయి.

మరి ఆ గడ్డికి విత్తనం ఎక్కడిది? విశ్వకిరణాలు శని వాతావరణాన్నీ వలయాలనూ తాకినప్పుడు న్యూట్రానులు ఎగిరిపడతాయి. న్యూట్రానుకు ఆవేశం లేదు గనుక అయస్కాంత క్షేత్రం దాన్ని పట్టలేదు. కానీ సగటున పావుగంటలో అది విచ్ఛిన్నమై ప్రోటానును ఇస్తుంది. ఆ ప్రోటాను చిక్కుబడిపోతుంది. వలయాలకూ శనికీ మధ్యనున్న సందులో కూడా ఇలాంటి మేఖల ఉందని, 2017లో కాసినీ నౌక ఆ సందులో 22 సార్లు దూరి కొలిచింది. 2005లో సూర్యుని తుఫానుల తర్వాత డయోనీ దగ్గర తాత్కాలికంగా ఒక మేఖల పుట్టి, కొద్దికాలానికే పోయింది. లోపలి మేఖలలు మాత్రం చెక్కుచెదరలేదు. ఉపగ్రహాలు కట్టిన గట్లు అంత గట్టివన్నమాట!

అన్ని ఉపగ్రహాలూ ఊడ్చేవే అనుకోరాదు. గురుగ్రహపు అయో తన అగ్నిపర్వతాల నుంచి గంధకం, ఆక్సిజను వెదజల్లి మేఖలలకు మేత వేస్తుంది.

ఈ కథకు మన పొరుగున ఒక ముక్క ఉంది. కుప్పం నుంచి గాలివాటున 60 కిలోమీటర్ల లోపే, జవ్వాది కొండల్లో కావలూరు నక్షత్రశాల ఉంది. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన వేణు బాపు దాన్ని నెలకొల్పాడు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డు రాబోతుండగా, అక్కడి మీటరు టెలిస్కోపుతో భట్టాచార్య, కుప్పుస్వామి చూస్తున్నారు. గ్రహం అడ్డు రాకముందే నక్షత్రం కాంతి క్షణకాలం తగ్గింది. అది కొత్త ఉపగ్రహం కాబోలు అని మొదట ప్రకటించారు. అదే రాత్రి అమెరికా వారు విమానం నుంచి చేసిన పరిశీలనతో కలిపి చూస్తే, అది వలయమని తేలింది.

1986 జనవరిలో వాయేజర్-2 యురేనస్‌ను సమీపించి, అక్కడా మేఖలలున్నాయనీ, ఉపగ్రహాలు వాటిని కొరికాయనీ చూపింది. అయితే యురేనస్ అయస్కాంత అక్షం 59 డిగ్రీలు వాలి ఉంటుంది. కాబట్టి ఎద్దు ఒకే బాటలో నడవదు, పొలమంతా తొక్కుతుంది.

కావలూరులో తగ్గింది వెలుగు. పయొనీర్‌లో తగ్గింది కణాల లెక్క. శని 'జీ' వలయం ఆచూకీ కూడా 1979లో ఇలాగే కణాల లోటు నుంచే అందింది. మరుసటేడు వాయేజర్-1 ఫోటో తీసింది. ప్రయోగశాలలో రీడింగు తగ్గితే పక్కవాడి రికార్డు చూసి "సరిచేసే" అలవాటు మనలో లేకపోలేదు. ఆ రాత్రి కావలూరులో అలా చేసి ఉంటే!

అవ్వకు ఇదంతా చెప్పాను. విని, "అయితే శని కాపాడతాడంటావా?" అంది. "శని సంగతి తెలీదు అవ్వా, ఆయన వలయాలు మాత్రం కాపాడతాయి" అన్నాను.