ఆదివారం సెలవూ... అభివృద్ధి హక్కూ!

“అమ్మా, ఇగ నుంచి ఐతారం నేను రాను.”

పొద్దున్నే ఇడ్లీపిండిలో ఉప్పు కలుపుతుంటే వెనకనుంచి వినబడిన మాట ఇది. గిన్నెలు తోముతూ, తలెత్తకుండానే అంది. మా మోతీనగర్ ఇంట్లో పదేళ్ళుగా పనిచేస్తోంది. ఉండేది బోరబండలో. సొంతూరు పాలమూరు వైపు. మా అపార్ట్‌మెంట్లోనే మూడిళ్ళు చేసుకుని, అక్కణ్ణుంచి యూసుఫ్‌గూడలో ఇంకో ఇంటికి నడుస్తుంది.

“రానంటే? చుట్టాలొస్తున్నారా?” అన్నాను.

“చుట్టాలు గాదు. ప్రతి ఐతారం. నెలకు నాలుగు.”

ఆదివారమంటే మనకి పని రెట్టింపు కదండీ! పిల్లలు ఇంట్లో ఉంటారు, మధ్యాహ్నం కోడికూరో పులావో ఉంటుంది, సింకు నిండా అడుగంటిన గిన్నెలుంటాయి. నాకు గుండె గుభేలుమంది. అయినా పెద్దమనసు చూపిస్తున్నట్టు “సరేలే, ఈ నెలకి రెండు తీసుకో. తర్వాత చూద్దాం” అన్నాను.

చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అప్పుడు నా వైపు చూసింది. “మీరు ఇచ్చుడు గాదమ్మా. కూసొని మాట్లాడుకుందం. మా ఊర్ల గ్రూపుల గట్లనే జేస్తుంటిమి.”

ఆ ‘కూసొని మాట్లాడుకుందం’ అన్న మాట నన్ను కొంచెం పొడిచింది. పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెతో కూర్చుని మాట్లాడలేదు నేను. పాత చీరలిచ్చాను, పండక్కి డబ్బులిచ్చాను, జ్వరమొస్తే మాత్రలిచ్చాను. అన్నీ నేను ఇచ్చినవే. ఆమె అడిగినవి ఏమున్నాయీ అంటే గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం ఆ గ్రూపు సంగతి అడిగాను. కొత్త కోడలిగా ఉన్నప్పుడు అత్తతో పోట్లాడి మరీ చేరిందట. వారానికోసారి చాపమీద గుండ్రంగా కూర్చోవాలి. “ఎన్కకు కూసునుడు లేదు. అందరు ముందటనే. రాకుంటే జుర్మానా. ఎవరికి అప్పు ఇయ్యాలె, ఎవరికి ఆపాలె, మేమే అనుకుంటుంటిమి. నేను జెప్పింది గుడ బుక్కుల రాస్తుండ్రి.” చివరి ముక్క చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాల్సింది!

డ్వాక్రా వెనక కథ

ఆ చాపకీ, సముద్రాల అవతల ఉన్న ఐక్యరాజ్యసమితికీ సంబంధం ఉందంటే నమ్ముతారా? నేనూ నమ్మలేదు.

మనమందరం ‘డ్వాక్రా, డ్వాక్రా’ అంటుంటాం. గ్రామీణ ప్రాంతాల్లో మహిళా శిశు అభివృద్ధి అన్న పథకానికి ఇంగ్లీషులో ఉన్న పొడవాటి పేరును కుదించిన మాట అది. 1982లో కేంద్ర ప్రభుత్వం దాన్ని మొదలుపెట్టినప్పుడు చేయూతనిచ్చింది ఐక్యరాజ్యసమితి వారి బాలల సంస్థ యునిసెఫ్. పేదింటి ఆడవాళ్ళు పది, పదిహేనుమంది కలిసి ఏదో ఒక పని పెట్టుకోవాలన్నది ఆలోచన. మొదట్లో చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయింది.

దానికి ఊపిరి పోసింది మన ఆడవాళ్ళే. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రేగిన సారా వ్యతిరేక ఉద్యమం మీకు గుర్తుండే ఉంటుంది. అక్షరాలు నేర్చుకోవడానికని రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించారు. వాళ్ళలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగిపోయింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బు ఇంట్లో మిగిలింది గనక రోజుకో రూపాయి దాచుకుందామని నెల్లూరు జిల్లాలోనే పొదుపు సంఘాలు పుట్టాయి. ఈ వరస గమనించారా? చదువు, కోపం, ఆ తర్వాత పొదుపు.

ఇక మా ఇంటామె గ్రూపు సంగతి. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యు.ఎన్.డి.పి. అంటారు) దక్షిణాసియాలో పేదరికం పోగొట్టడానికి ఒక కార్యక్రమం చేపట్టింది. మనదేశంలో అందుకు ఎంచుకున్నవి మన మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో కొన్ని మండలాలు. మూడూ కరువు జిల్లాలే. దీనికి ముఖ్య సలహాదారు షోయబ్ సుల్తాన్ ఖాన్ పాకిస్తాన్ ఆయన. అక్కడ గిల్గిత్ కొండల్లో పేద రైతుల్ని సంఘాలుగా కూర్చిన అనుభవం ఉంది ఆయనకి. రెండు దేశాలూ కార్గిల్‌లో కొట్టుకుంటున్న రోజుల్లో కూడా ఆ పద్ధతి మన పాలమూరు చాపలమీద నడుస్తూనే ఉంది!

పద్ధతి చెప్పుకోడానికి చాలా చిన్నది. మీకేం ఇస్తామో తర్వాత, ముందు మీరు కూడండి. ఎంతో కొంత దాచండి. మీలోంచే ఒకరు లెక్కలు నేర్చుకోండి. ఊళ్ళో సంఘాలన్నీ కలిస్తే గ్రామైక్య సంఘం, గ్రామాలు కలిస్తే మండల సమాఖ్య. కర్నూలు జిల్లా ఓర్వకల్లు ఆడవాళ్ళు ఇలా కూడి, పనికిపోయే పిల్లల కోసం ఆలోచించి, చివరికి తమ సమాఖ్య తరఫున బడే నడిపారు. 2000లో ప్రపంచబ్యాంకు అప్పుతో వచ్చిన ‘వెలుగు’ పథకం ఈ నమూనానే అందుకుంది. ఆ తర్వాత అది ‘ఇందిరా క్రాంతి పథం’ అయింది. 2011లో కేంద్రం దేశమంతటికీ జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ పెట్టినప్పుడు మన సంఘాల ఆడవాళ్ళే బీహారు, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్లకి వెళ్ళి అక్కడివాళ్ళకి నేర్పారు. హిందీ రాకుండానే ఎలా నేర్పారో వాళ్ళకే తెలియాలి.

అంతా పచ్చగా ఉందనుకోకండి. ఈ గ్రూపుల్ని చూసి ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊళ్ళమీద పడ్డాయి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, వాయిదా కట్టకపోతే ఇంటిముందు కూర్చోవడం, ఆత్మహత్యలు. చివరికి 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. మా ఇంటామె ఊరు వదిలిందీ అప్పువల్లే. చాపమీద కూర్చుని తీసుకున్న అప్పు కాదు, మోటారుసైకిలు మీద వచ్చినవాడు ఇచ్చిన అప్పు. “గ్రూపుల అప్పు అడిగితే నలుగురు ఎందుకని అడుగుతరు. వాడు ఏం అడగలే. సంతకం పెట్టుమన్నడు” అంది. ఈ ఒక్కమాటలో పెద్ద ఆర్థికశాస్త్రమే ఉంది.

ఎక్కడ రాశారు ఈ హక్కు?

1972లో సెనెగల్ దేశపు న్యాయమూర్తి కేబా ఎంబాయే ఒక ఉపన్యాసంలో అభివృద్ధి కూడా మనిషి హక్కేనన్నారు. వలసపాలన నుంచి బయటపడ్డ పేదదేశాలు ఆ మాట పట్టుకున్నాయి. 1986 డిసెంబరు 4న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ అభివృద్ధి హక్కు ప్రకటనను ఆమోదించింది. అనుకూలంగా 146 దేశాలు, తటస్థంగా 8, వ్యతిరేకంగా ఒకే ఒక్కటి. ఆ ఒక్కటీ అమెరికా!

ఆ ప్రకటనలో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, రోడ్లూ డ్యాములూ వస్తే చాలదంటుంది. అభివృద్ధిలో పాలుపంచుకోవడం, దానికి తమవంతు చేయడం, దాని ఫలం అనుభవించడం మూడూ మనిషి హక్కులట. ఎనిమిదో అధికరణంలో ఆడవాళ్ళ మాట ప్రత్యేకంగా ఉంది. అభివృద్ధి జరిగే తీరులో స్త్రీలకి చురుకైన పాత్ర ఉండేలా చర్యలు తీసుకోవాలని. అంటే పాత చీర ఇచ్చినంతమాత్రాన సరిపోదన్నమాట. (ఇది చదివినప్పుడు నా బీరువా గుర్తొచ్చింది.)

ప్రకటనకి చట్టానికున్న బలం లేదు. దీనికంటూ కోర్టు లేదు. 1993లో వియన్నా మానవ హక్కుల మహాసభ ఈ హక్కుని మళ్ళీ గట్టిగా చెప్పింది. 1998లో దేశాల ప్రతినిధులతో ఒక కార్యవర్గం ఏర్పడి జెనీవాలో చర్చలు సాగిస్తూ వచ్చింది. తర్వాత ప్రత్యేక ప్రతినిధి పదవి పెట్టారు. 2023లో ఆ బాధ్యత అందుకున్న సూర్య దేవ మన దేశంలో పుట్టిన న్యాయశాస్త్ర ఆచార్యుడు. ఒక ఊరికి అన్యాయం జరిగిందనుకుంటే జనమే నేరుగా ప్రత్యేక ప్రతినిధికి రాసుకోవచ్చు. ఆయన ఆ ప్రభుత్వాన్ని వివరణ అడగ్గలరు. అంతకుమించి బలవంతం చేయలేరు. అందరూ కట్టుబడే ఒడంబడిక కావాలని ముసాయిదా తయారుచేసి, 2023 అక్టోబరులో మానవ హక్కుల మండలి దాన్ని సర్వప్రతినిధి సభకి పంపింది. ప్రకటన వచ్చిన 37 ఏళ్ళకి! మన మునిసిపాలిటీ ఫైళ్ళే నయమనిపిస్తుంది ఒక్కోసారి.

ఈ జాబితాలో ఒక పేరు మాత్రం మన ఇళ్ళకి బాగా దగ్గర. కలకత్తా ఆర్థికవేత్త అర్జున్ సేన్‌గుప్తా. ఈ హక్కుమీద ఐక్యరాజ్యసమితికి స్వతంత్ర నిపుణుడిగా నివేదికలు రాసింది ఆయనే. తర్వాత ఇంటికొచ్చి అసంఘటిత రంగం మీద జాతీయ కమిషన్‌కి అధ్యక్షుడయ్యారు. దేశంలో 77 శాతం మంది రోజుకి 20 రూపాయలు మించి ఖర్చు పెట్టలేని స్థితిలో ఉన్నారని 2007లో ఆ కమిషన్ లెక్క తేల్చింది. ఆ మర్నాటి పేపర్లు చూసి ముక్కున వేలేసుకున్నాం గానీ, ఆ 77 శాతంలో మన గిన్నెలు తోమే ఆమె కూడా ఉందేమోనని అనుకున్నామా? ఆ కమిషన్ కృషి తర్వాతే 2008లో అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం వచ్చింది. అందులో ఇంటిపని చేసేవాళ్ళనీ కార్మికులుగా లెక్కించారు.

ఆదివారం సంగతికొస్తే అది ఇంకా సూటిగా ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్‌లో ఇంటిపనివారి కోసం 189వ ఒడంబడిక చేసింది. వారానికి ఏకబిగిన కనీసం 24 గంటల విశ్రాంతి ఉండాలని అందులో ఉంది. మన దేశం అక్కడ అనుకూలంగా ఓటు వేసింది. ఇంటికొచ్చాక మాత్రం దాన్ని ధ్రువీకరించలేదు. నాలాంటిదే ననుకోండి, బయట సభలో చప్పట్లు కొట్టి వంటింట్లో ‘తర్వాత చూద్దాం’ అనే రకం.

ఒక చిన్న పని మాత్రం మనం ఈరోజే చేయొచ్చు. 2021 ఆగస్టులో కేంద్రం మొదలుపెట్టిన ఇ-శ్రమ్ నమోదులో ఇంటిపనివాళ్ళూ చేరవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, ఫోను నంబరు ఉంటే చాలు. ఫారం నింపడం వాళ్ళకి కష్టం. మన పిల్లలకి పది నిమిషాల పని. మా అమ్మాయి నింపుతూ, “ఆంటీ, మీ పుట్టినరోజెప్పుడు?” అని అడిగితే, “మీ అమ్మను అడుగు, ఆమెకెరుక” అంది. నాకు తెలియదు.

కూర్చున్నాం

మర్నాడు టీ పెట్టి, కుర్చీ చూపించాను. ముందు నేలమీద కూర్చోబోయింది. తర్వాత కుర్చీ అంచున కూర్చుంది.

“నాలుగు ఐతారాలు. జీతం కొయ్యొద్దు” అంది.

“సరే. శనివారం సాయంత్రం ఒకసారి వచ్చి వెళ్ళు మరి.”

“ఒస్త. కని ఐతారం గిన్నెలు సోమారం దాక కుప్ప వెయ్యొద్దు. రెండు దినాల పని ఒక్క దినం జేస్తే అది సెలవెట్లయితది?”

నేను ఆ కుప్ప మీదే ఆశ పెట్టుకున్నానని ఎలా కనిపెట్టిందో! కాదనలేకపోయాను. మా ఎదురింటావిడ మాత్రం లిఫ్టు దగ్గర పట్టుకుని “మీరు అలవాటు చేస్తే రేపు మావాళ్ళూ అడుగుతారండీ” అని మొహం ముడుచుకుంది. మా ఇంటామె పనిచేసే మూడిళ్ళలో ఆవిడదీ ఒకటి. అక్కడ ఇంకా మాటలు నడుస్తున్నాయి.

మొదటి ఆదివారం కోడికూర చేశాను. కూరగాయలు మావారు తరిగారు, గిన్నెలు కూడా ఆయనే తోముతానని బయల్దేరారు. సోమవారం పొద్దున ఆమె వచ్చి, గట్టుమీద బోర్లించిన మూకుడు తిరగేసి, అడుగున నల్లటి మసి వేలితో గీసి చూసింది.

“సారు తోమిండా?” అంది.