పడక వద్ద ట్రాకియాస్టమీ: పద్ధతుల తులనాత్మక పరిశీలన

పూర్వపు విశాఖపట్నం జిల్లాలోనిదీ, 2022 నుండి అనకాపల్లి జిల్లాలోనిదీ అయిన చోడవరం చెరకు పండే ప్రాంతం. ఇటువంటి వ్యవసాయ ప్రాంతాల నుండి ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందు తాగినవారిని నగరంలోని ఆసుపత్రులకు తరలిస్తుంటారు. తొలి గండం గడిచాక కూడా, ఒకటి నుండి నాలుగు రోజుల్లో మెడ, ఛాతీ కండరాలు బలహీనపడి, కొందరికి వెంటిలేటర్ అవసరం వారాలపాటు కొనసాగుతుంది. అటువంటప్పుడు నోటి గొట్టానికి బదులు మెడ ముందుభాగం నుండి శ్వాసనాళంలోకి దారి చేయడమే ట్రాకియాస్టమీ. ఐ.సి.యు. పడక వద్దనే దానిని చేసే పద్ధతుల బలాబలాలను ఈ వ్యాసంలో పరిశీలించడమైనది.

శస్త్రచికిత్సా పద్ధతికి 1909లో షెవాలియర్ జాక్సన్ స్థిరమైన రూపమిచ్చాడు. ఇందులో కణజాలాన్ని పొరలుగా కోసి, శ్వాసనాళాన్ని కంటితో చూస్తూ తెరుస్తారు; రక్తస్రావమైతే ఆ నాళాన్ని అక్కడే కట్టివేయవచ్చు. 1985లో సియాగ్లియా ప్రతిపాదించిన చర్మాంతర పద్ధతిలో సూది ద్వారా గైడ్‌వైర్ పంపి, దానిమీదుగా డైలేటర్లతో దారిని వెడల్పు చేస్తారు. తరువాత ఒకే వంపు డైలేటర్ వాడుకలోకి వచ్చింది. గొట్టం చుట్టూ కణజాలం బిగుతుగా ఉండటం వల్ల రక్తస్రావం అదుపులో ఉంటుంది. అయితే శ్వాసనాళపు వెనుక గోడకు గాయం కాకుండా బ్రాంకోస్కోప్‌తో గమనించడం మేలు. 1990 నాటి గ్రిగ్స్ పద్ధతిలో డైలేటర్ స్థానంలో ఫోర్సెప్స్ వాడతారు. పని త్వరగా ముగుస్తుంది, పరికరాన్ని శుద్ధిచేసి మళ్ళీ వాడవచ్చు. కానీ రంధ్రం ఎంత తెరుచుకోవాలన్నది వైద్యుని చేతి అంచనాపై ఆధారపడుతుంది.

20 ప్రయోగాలను, 1652 మంది రోగులను పరిశీలించిన 2016 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం చర్మాంతర పద్ధతుల్లో గాయపు ఇన్‌ఫెక్షన్ తక్కువ. మరణాలలో మాత్రం స్పష్టమైన తేడా కనబడలేదు. తొందరపడినందువల్ల కూడా ప్రాణాలు అదనంగా నిలవడం లేదు. బ్రిటన్‌లో జరిగిన ట్రాక్‌మాన్ ప్రయోగంలో (2013) నాలుగు రోజుల్లోపు చేసినవారిలో 30 రోజుల మరణాలు 30.8 శాతం, పది రోజులు దాటాక అవసరమైతేనే చేసినవారిలో 31.5 శాతం. కోలుకునే అవకాశం గల పురుగుమందు రోగుల విషయంలో వేచిచూడటమే ఉచితమని నా అభిప్రాయం.

సగటు అంకెల్లో తెలియని అంశం ఒకటుంది. మొదటి వారంలో గొట్టం జారిపోతే, చర్మాంతర పద్ధతిలో సాగదీసిన దారి వెంటనే మూసుకుపోతుంది. గొట్టాన్ని బలవంతంగా దూర్చితే అది శ్వాసనాళం పక్కకు పోవచ్చు; అప్పుడు నోటి ద్వారానే తిరిగి గొట్టం వేయాలి. శస్త్రచికిత్సలో శ్వాసనాళానికి వేసి ఉంచిన ఆధార కుట్లను లాగితే రంధ్రం పైకి వస్తుంది. రాత్రి విధుల్లో నోటి గొట్టం వేయగల వైద్యుడు లేని చోట ఈ కుట్ల విలువ ఎక్కువ. అందుచేత ఏ పద్ధతిలో, ఏ తేదీన చేశారో, పై శ్వాసమార్గం తెరిచి ఉందో లేదో పడక తలవైపు రాసి ఉంచాలి. రోగిని చోడవరం వంటి పట్టణాలకు తిరిగి పంపేటప్పుడు ఆ కాగితాన్ని కూడా వెంట పంపాలి.