జొన్నరొట్టెకు ఎన్ని మార్కులు?

శాకాహారులకు వైరస్ జబ్బులు తక్కువ వస్తాయన్న మాట కరోనా తర్వాత బాగా ప్రచారంలోకి వచ్చింది. తెలంగాణ నుంచి తరాల కింద వలసొచ్చిన పద్మశాలీల సోలాపూర్‌లో, భవాని పేట్ వంటింటి నుంచి చూస్తే ఆ మాటకు చిన్న సవరణ కావాలి. మాంసం మానడం కన్నా దాని బదులు కంచంలోకి ఏమొచ్చిందన్నదే ముఖ్యం. 2021లో 'గట్' వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం బ్రిటన్, అమెరికాల్లో 5,92,571 మంది తిండిని పరిశీలించింది. ముడిధాన్యం, పప్పులు, పల్లీలు, కూరగాయలకు మార్కులు వేసి, మాంసంతో పాటు మైదాకు, చక్కెరకూ కోత పెట్టింది. మైదా కూడా మొక్క నుంచి వచ్చేదే కదా! మంచి మార్కుల వాళ్లలో కోవిడ్ సోకే ముప్పు 9 శాతమే తక్కువ, తీవ్రమయ్యే ముప్పు మాత్రం 41 శాతం తక్కువ. అంటే తిండి వైరస్‌ను గడప దగ్గర ఆపడానికన్నా, లోపలికొచ్చాక జబ్బు ముదరకుండా చూడటానికే ఎక్కువ పనికొస్తుందేమో.

ఎందుకంటే జొన్నరొట్టెలోని పీచు అరగకుండా పెద్దపేగు దాకా వెళ్తుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ తయారుచేస్తాయి. పేగు గోడ కణాలకు అదే ప్రధాన ఇంధనం, వాపును అదుపులో పెట్టడానికీ అది తోడ్పడుతుంది. పక్కనుండే శేంగా చట్నీ కూడా తక్కువదేం కాదు: వేయించిన పల్లీలు, వెల్లుల్లి, ఎండుమిర్చి నూనె తేలేదాకా రోట్లో దంచింది. పీచూ మాంసకృత్తులూ రెండూ అందులోనే.

మంచి తిండి తినేవాళ్లకు డబ్బూ తీరికా ఉంటాయి, ఆ తేడా వాటిదేనేమో అని అడగొచ్చు. సబబైన ప్రశ్నే. పరిశోధకులు ఆ లెక్కలు సరిచూసినా అనుమానం పూర్తిగా పోదు. పత్తి నూగు ఎగిరే సాంచాల (మరమగ్గాల) షెడ్డులో, గాలాడని గదిలో రొట్టె ఒక్కటే కాపాడదు. టీకా, కిటికీ కూడా కావాలి. పేదలు ఎప్పుడూ మొక్కల తిండే తింటున్నారుగా, మరి వాళ్లకేం ఒరిగిందన్నది ఇంకా గట్టి ప్రశ్న. చాయ్‌లో మైదా ఖారీ బిస్కెట్ ముంచుకుని పూట గడిపితే అదీ శాకాహారమే, మార్కులు మాత్రం రావు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టడం కష్టం. నిమ్మరసం పిండితే పడుతుంది, భోజనం మీద చాయ్ తాగితే తగ్గుతుంది. బి12 అయితే మొక్కల్లో దొరకదు. అందుకు పాలో, గుడ్డో, ఆదివారం మాంసం కూరో ఉంటే మేలు.