ఇల్లు మారుతుంటే పెరటి కోళ్ల సంగతేంటి?

తిరుత్తణి నుంచి హైదరాబాద్‌కు కాపురం మారుస్తున్నవాళ్లు బీరువాకూ ఫ్రిజ్‌కూ వారం ముందే బండి మాట్లాడుకుంటారు. పెరట్లో తిరిగే అరడజను నాటుకోళ్ల సంగతి ఆఖరి రోజు దాకా ఎవరికీ గుర్తుకు రాదు. అప్పటికప్పుడు కాళ్లు కట్టేసి, ఓ గంపలో కుక్కి, సామాన్ల సందులో తోసేస్తారు. తీరా దింపేసరికి ఒకటో రెండో చచ్చి ఉంటాయి. అంత దూరం తట్టుకోలేకపోయాయని సరిపెట్టుకుంటారు. కానీ చాలాసార్లు దూరం కంటే ముందు చోటు చాలకపోవడం, గాలి ఆడకపోవడం, నీళ్లు అందకపోవడం వాటి ప్రాణం తీస్తాయి. ఈ మూడింటికీ ప్రభుత్వ నిబంధనల్లోనే లెక్కలున్నాయి.

మొదటి లెక్క చోటుది. 1978 నాటి జంతువుల రవాణా నిబంధనల్లో కోళ్ల కోసం 2001లో ప్రత్యేకంగా ఒక అధ్యాయం చేర్చారు. దాని ప్రకారం ఎదిగిన కోడికి కనీసం 480 చదరపు సెంటీమీటర్ల నేల ఉండాలి. అంటే ఏ4 కాగితంలో ముప్పాతిక వంతు. మూడు నెలల పిల్లకు 230, నెల పిల్లకు 75. పెద్ద కోళ్ల పెట్టె 115 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 45 ఎత్తు ఉండాలి. అందులో 12 కంటే ఎక్కువ పెట్టకూడదు. ఇది కనీస కొలత అని మరచిపోవద్దు. చిత్తూరు, తిరువళ్లూరు వైపు ఎండల్లో నన్నడిగితే అదే పెట్టెలో 8 చాలంటాను. అప్పుడు ఒక్కోదానికి 700 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది, రెక్క విప్పి ఆరబెట్టుకోవడానికి వీలుంటుంది.

పుంజునూ పెట్టలనూ ఒకే పెట్టెలో పెట్టకూడదు. వేర్వేరు వయసులవాటినీ కలపకూడదు. కాబట్టి ఒక పుంజు, ఐదు పెట్టలు, పది పిల్లలు ఉన్న ఇంటికి మూడు పెట్టెలు కావాలి. పిల్లల కోడి ఉంటే చిక్కే. తల్లిని విడదీస్తే పిల్లలు వెచ్చదనం లేక వణికిపోతాయి, కలిపి పెడితే బండి కుదుపులకు కాళ్ల కింద నలుగుతాయి. వీలుంటే పిల్లలు తల్లి రెక్కల కింద పడుకోవడం మానేదాకా వాటి ప్రయాణం ఆపుకోవడమే మేలు.

రోడ్డు మీద వెళ్లేటప్పుడు పెట్టె మీద పెట్టె పేర్చకూడదన్నది మరో నియమం. ఎందుకో వేడి లెక్క చూస్తే తెలుస్తుంది. కోడి ఒంటి వేడి సుమారు 41 నుంచి 42 డిగ్రీలు. దానికి చెమట పట్టదు. రెండు కిలోల కోడి ఊరికే కూర్చున్నా 10 వాట్ల దాకా వేడి బయటికి వదులుతుంది. పన్నెండు కోళ్ల పెట్టెలో అది 120 వాట్లు. మే నెలలో తిరుత్తణిలో ఎండ 40 దాటడం మామూలే. బయటి గాలి ఒంటితో సమానంగా కాగుతున్నప్పుడు కోడికి మిగిలిన దారి ఒక్కటే, నోరు తెరిచి వగర్చడం. ఆ వగర్పులో ఒంట్లోని నీరు ఆవిరై కాస్త చల్లబడుతుంది. గాలి ఆడని చోట ఆ ఆవిరి అక్కడే నిలిచిపోయి ఆ దారీ మూసుకుపోతుంది.

వేడి మితిమీరుతోందనే సూచనలు కళ్లకు కనిపిస్తాయి. మొదట ముక్కు తెరుచుకుంటుంది, గొంతు కింది చర్మం గబగబా అదురుతుంది. తర్వాత రెక్కలు ఒంటికి దూరంగా జారవేస్తుంది. కళ్లు మూతలు పడి మెడ వాలిందంటే ఇక నిమిషాల్లో పని. వెంటనే నీడలోకి దించి, కాళ్లూ తురాయీ తడిపి, గాలి తగలనివ్వాలి. బండి నడుస్తున్నంతసేపూ కొంత గాలి తగులుతూనే ఉంటుంది. అసలు గండం ఆగినప్పుడు. టోల్‌గేటు, భోజనం హోటలు, ట్రాఫిక్ జామ్ దగ్గర టార్పాలిన్ కప్పిన పెట్టె చూస్తుండగానే కాగిపోతుంది. తలకిందులుగా మోయడం కూడా మానాలి. కోడికి మనలా ఉదరవితానం లేదు. తల కిందికి వేలాడితే పేగుల బరువంతా గాలి సంచుల మీద పడి ఊపిరి ఆడదు.

మూడోది నీళ్ల లెక్క. వేసవి ప్రయాణంలో 6 గంటలకోసారి నీళ్లు పట్టాలని నిబంధన. మామూలు రోజుల్లో పెట్ట పావు లీటరు దాకా తాగుతుంది, ఎండల్లో దానికి రెట్టింపు. ఆరు కోళ్లకు 3 లీటర్లు విడిగా ఉంచుకోవాలి.

తిరుత్తణి నుంచి రేణిగుంట, కడప, కర్నూలు మీదుగా హైదరాబాద్ 600 కిలోమీటర్ల పైమాటే. టాటా ఏస్ లాంటి చిన్న బండికి 13 గంటలు వేసుకోవాలి. సాయంత్రం 6కు బయల్దేరితే మొదటి నీళ్లు ఆళ్లగడ్డ ప్రాంతంలో, రెండోసారి తెల్లవారుజామున జడ్చర్ల దగ్గర. చీకట్లో కోడి తాగదు కాబట్టి లైటు వేసి, కాసేపు నిలబడి చూడాలి. గిన్నె ఒలికితే పెట్టెలో పరిచిన ఊక తడిసి కంపుకొడుతుంది, అందుకే దారిలో దోసకాయ, పుచ్చకాయ ముక్కలు పెట్టడం మంచిది.

ఇక కాగితాలు. కోళ్లకు అంటురోగాలు లేవని, ప్రయాణానికి పనికొస్తాయని పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. పెట్టె మీద పంపేవారి, అందుకునేవారి పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు రాయాలి. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఇప్పుడది తమిళనాడుది కాబట్టి అక్కడి నుంచి కూతవేటు దూరంలోని నగరికి వెళ్లినా రాష్ట్రం దాటినట్టే. అదే కన్యాకుమారి దాకా 700 కిలోమీటర్లకు పైగా వెళ్లినా సరిహద్దు తగలదు. హైదరాబాద్‌కైతే రెండు సరిహద్దులు. బర్డ్ ఫ్లూ రోజుల్లో ఈ తేడా గట్టిగా తెలుస్తుంది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బల్లో వ్యాధి బయటపడింది. ఇలాంటప్పుడు 1 కిలోమీటరు మేర వ్యాధి ప్రాంతం, 10 కిలోమీటర్ల దాకా నిఘా ప్రాంతం ప్రకటించి కోళ్ల రాకపోకలు ఆపేస్తారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినప్పుడు ఆంధ్ర కోళ్ల బండ్లను తెలంగాణ సరిహద్దుల్లోనే వెనక్కి తిప్పింది. బయల్దేరే ముందు దారిలోని జిల్లాల కబురు కనుక్కోవాలి.

బస్సును నమ్ముకోవద్దు. 2024 జనవరిలో ఎవరో ఆర్టీసీ బస్సులో వదిలేసిన పుంజు కరీంనగర్ డిపోకు చేరితే, దాన్ని వేలం వేస్తామని ప్రకటించి, విమర్శలొచ్చాక మానుకున్నారు. రైల్లో పంపితే 12 గంటలు దాటిన ప్రయాణానికి తోడు మనిషి ఉండాలి.

ఈ నిబంధనలకు తల్లి చట్టం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం. మూగజీవిని బాధపడేలా తరలిస్తే మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఒక నాటుకోడి ధరలో ఇది ఏ మూలకూ రాదు. ఇంత చిన్న మొత్తానికి భయపడి జాగ్రత్తపడేవాళ్లెవరు? ఈ అంకెను మార్చి తీరాలి.

చట్టం సంగతి ఎలా ఉన్నా, కోళ్లకు కొక్కెర తెగులు టీకా బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందే వేయించాలి. కొత్త ఇంట్లో వారం పాటు గూట్లోనే ఉంచితే అది తమ చోటని గుర్తుపడతాయి, సాయంత్రం వాటంతటవే తిరిగొస్తాయి. అక్కడ ముందునుంచీ కోళ్లుంటే నెల రోజులు కలపకూడదు. ప్రయాణం బడలికకు పెట్టలు కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల దాకా గుడ్లు ఆపేస్తాయి. అందుకు కంగారు పడక్కర్లేదు. మేత ముట్టకపోయినా, రెట్ట ఆకుపచ్చగా పడినా మాత్రం ఆ రోజే పశువైద్యశాలకు తీసుకెళ్లాలి.